మూడో సొరుగు

టోరున్ న్యాయవాది కాదు.
ఆ మాట మొదట అన్నది నేనే,
ఆమె చేరిన రోజున, కాఫీ మిషను దగ్గర,
ఆమెకు వినబడేంత దూరంలో.
తలుపు మీద మాత్రం లీగల్ ఆపరేషన్స్ అని రాసుంది.

ఓలెసుండ్ రేవులో మా కంపెనీ
ఉప్పు చేపను ఎండబెట్టి అమ్ముతుంది,
లిస్బన్‌కి, సాల్వడార్‌కి.
చేప ఎంత గట్టిదంటే
దాంతో తలుపు తట్టొచ్చు.
మా మాటలే మెత్తన.
ఎవరికి ఏ మాట ఇచ్చామో
ఒక్కచోట రాసి పెట్టుకున్న పాపాన పోలేదు.
ఒక ఒప్పందం సేల్స్ వాళ్ల మెయిల్లో,
ఒకటి ముసలి ఓద్వార్ కోటు జేబులో, చేప వాసనతో,
ఒకటి పని మానేసి ఏదో దీవిలో
పడవకు రంగులేసుకుంటున్న మనిషి జ్ఞాపకంలో.

రెండు శీతాకాలాలు టోరున్ వాటిని ఏరింది,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.
కాదు, రాళ్లలో బియ్యం ఏరినట్టు.
వెయ్యిన్నీ నూట నలభై.
గడువు ఎప్పుడు, సంతకం ఎవరిది,
కీడు జరిగితే ఎన్ని గంటల్లో చెప్పాలి,
ఎవరికి చెప్పాలి, ఏ నంబరుకి,
ఆ నంబరు ఇంకా మోగుతుందా.
అవును, ఫోన్ చేసి మరీ చూసేది:
"హలో, మీరింకా అక్కడే ఉన్నారా?"

మేం నవ్వుకున్నాం.
ఏడాదికి రెండుసార్లు ఉత్తుత్తి ఆపద తెచ్చిపెట్టేది.
"ఇవాళ కంప్యూటర్లు లేవనుకోండి."
"ఇవాళ ఓడ మునిగిందనుకోండి."
మీసాలొచ్చిన వాళ్లం, బొమ్మలాటకు కూర్చున్నట్టు కూర్చుని
లేని ఓడ గురించి ఉన్నవాళ్లకు నోటీసులు రాసేవాళ్లం.
నేను గడియారం చూసుకునేవాణ్ణి.

ఫిబ్రవరి. మంగళవారం. ఇంకా చీకటి.
తెరలన్నీ ఒకే రంగయ్యాయి.
ఎవరో, ఎక్కణ్ణుంచో,
మా తాళాల మీద వాళ్ల తాళం వేశారు.
తూకం యంత్రం ఆగింది.
ఏ పెట్టె ఎవరిదో చెప్పే చీటీలు ఆగాయి.
ఓడ మాత్రం ఆగలేదు,
దానికి వేరే రేవులున్నాయి.

నాకు చట్టం తెలుసు.
దైవాధీనం అనే క్లాజు మీద
నీళ్లు తాగకుండా గంట మాట్లాడగలను.
ఆ ఉదయం నన్ను అడిగింది ఒక్కటే:
"ఎవరికి? ఎప్పటిలోగా?"
ఇల్లంటుకున్నాక బావి తవ్వేవాడి చేతిలో
పలుగు ఎంత మంచిదైతే ఏం?

టోరున్ ఉన్ని టోపీ తీయకుండానే
మూడో సొరుగు లాగింది.
కాగితాలు.
నెలనెలా ఒకటో తారీఖున అచ్చువేసిన జాబితా,
"పాపం చెట్లు" అని నేను వెక్కిరించిన దొంతర.
ఎర్రగీత కింద పదకొండు పేర్లు:
డెబ్బై రెండు గంటల్లో చెప్పకపోతే
మన మాట చెల్లని పదకొండు చోట్లు.
మొదటిదానికి నలభై ఎనిమిదే.

ఆ తర్వాత వీరగాథేమీ లేదు.
ఇంగ్విల్ సొంత ఫోన్లో లిస్బన్‌ని లేపింది.
ఓద్వార్ చేత్తో రాశాడు,
గాలికి ఊగే వలల్లాంటి అక్షరాలు.
నేను సంతకాలు పెట్టి, మంచులో నడిచి
కిరాణా కొట్టులోని పోస్టు కౌంటరు దాకా వెళ్లాను.
ముందొకావిడ ఎవరికో పుట్టినరోజు కానుక
తూయించుకుంటోంది.
వరసలో నిలబడ్డాను.

పంతొమ్మిది రోజులు పట్టింది.
తొమ్మిది నిలిచాయి, రెండు పోయాయి.
"ఆ రెండు నంబర్లూ మోగుతున్నాయో లేదో చూడలేదు,
ఆ వారం నాకు జ్వరం," అంది టోరున్.
తొమ్మిదింటి గురించి ఏమీ అనలేదు.

వేసవిలో విందు ఇచ్చారు.
పెద్దాయన లేచి, తట్టుకు నిలబడటం గురించి
చాలాసేపు మాట్లాడాడు,
కంపెనీని ఓడతో పోల్చాడు, కొండతో పోల్చాడు.
టోరున్ చేప పులుసులో రొట్టె ముంచుకుంటూ
నా వైపు వంగింది:
"మీ ఇంటి బీమా ఎప్పటిదాకా ఉంది?"

ఆ రాత్రి ఇంటికెళ్లి వెతికాను.
నా బల్లకు రెండే సొరుగులు.