కుర్చీల లెక్క

నావి నూట నలభై ప్లాస్టిక్ కుర్చీలు.
ఎల్ ఆల్టోలో ఎవరింట బాప్తిస్మమైనా
ఎవరి ఇంటికి పైకప్పు పడినా
ముందు కబురు నాకే వస్తుంది.
ఎవరికి ఎంతమంది ఉన్నారో
ఫాదరు కన్నా నాకే బాగా తెలుసు.

బసీలియా తార్కి మొదటి మంగళవారం పన్నెండు అడిగింది.
తొమ్మిది నిండాయి.
మిగతా మూడింటి మీద డబ్బాల్ని కూర్చోబెట్టింది,
పాలలో కలుపుకునే పొడి, మూత మీద నవ్వుతున్న అరటిపండు.
బోర్డు మీద ఒక సున్నా గీసి, ఇది నేను, అంది.
దాని కింద రెండు సున్నాలు. వాటి కింద నాలుగు. ఎనిమిది.
పదహారుకి బోర్డు అయిపోయింది.
సుద్దముక్క ఆగలేదు,
గోడ మీదికి వెళ్లిపోయింది.

సాంతా క్రూజ్ మైదానం నుంచి విమానంలో వచ్చిన కోటు కుర్రాడు
పైకి, ఇంకా పైకి, అని చెబుతూ చెబుతూ
మా పదమూడు వేల అడుగుల ఎత్తుకి ఊపిరందక
నా దగ్గరే ఓ కుర్చీ అడిగాడు.
కూర్చుని చెప్పాడు:
వంద పేర్లు రాయండి, అదే మీ పెట్టుబడి.

బసీలియాకి పేర్లకేం తక్కువ!
ఇరవై ముగ్గురి పుట్టువెంట్రుకల మీద
మొదటి కత్తెర వేసిన చెయ్యి ఆవిడది.
కత్తెర వేస్తే బిడ్డకి అమ్మ, బిడ్డ తల్లికి కొమాద్రె.
మా వాళ్లకి కొత్త ఇంటికీ ఒక అమ్మ కావాలి,
కొత్త టాక్సీకీ కావాలి,
పట్టా పుచ్చుకునే పిల్లాడి బూట్లకీ కావాలి.
వరస కలిసిన చోట మొహమాటం మొలుస్తుంది.
మొహమాటం మొలిచిన చోట
డబ్బా అమ్ముడుపోతుంది.

నలభై కుర్చీలు. తొంభై.
ఆగస్టులో నూట నలభయ్యీ చాలక
చర్చి బల్లలు అరువు తెచ్చాం.
ఊపిరి పొగలై లేచే చలిలో
చప్పట్లు కొట్టమంటే అందరూ కొట్టేవారు,
చేతులైనా వెచ్చబడతాయి కదా.
నన్నూ అడిగింది,
నా కింద ఎడమ కాలు ఖాళీగా ఉంది, చేరవే, అని.
ఉన్న రెండు కాళ్లకే కీళ్లనొప్పులమ్మా, అన్నాను.

తర్వాత కుర్చీలు తిరిగి రావడం మొదలైంది.
ఎవరూ పోట్లాడలేదు.
సంతలో ఆవిడ గుండ్రటి టోపీ కనబడగానే
ఉల్లిపాయల వరస వదిలి
ఇనప సామాన్ల వరసలోకి తిరిగేవారు, అంతే.
కొమాద్రెలకి అంతమందికి ఒక్కసారే
మేకులు అవసరమయ్యాయి.
నాకు అద్దె బదులు డబ్బాలిచ్చింది, పదకొండు.
మా అటక మీద అరటిపళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి.

తొంభై ఆరు పేర్లూ తిరిగాక
నోటుబుక్కులో మిగిలినవి నాలుగు,
నాలుగూ ఒకప్పుడు కొట్టేసినవే.
వాటిలో ఒకటి సెలెస్తీనా కావానా.
తొమ్మిదేళ్లుగా మాటల్లేవు,
ఒక కుట్టుమిషను గురించి.
బసీలియా డబ్బా సంచీలో పెట్టుకుని
పసుపు కేబుల్ కారెక్కి దిగి
వెళ్లి తలుపు కొట్టింది.

నేను అక్కడ లేను. చెబితే విన్నాను.
సెలెస్తీనా డబ్బాని చూసిందట, మనిషిని చూసిందట.
"అమ్మడానికైనా వచ్చావు," అందట.
"కొననుగానీ, లోపలికి రా."
పొయ్యి మీద ఊదారంగు మొక్కజొన్న జావ ఉంది.
రెండు గ్లాసులు తాగేదాకా
ఇద్దరూ మిషను ఊసెత్తలేదు.
మూడో గ్లాసుకి ఎత్తారు,
ఊరంతా వినబడేలా ఎత్తారు.

హాలు గోడకి మొన్న సున్నం కొట్టించారు.
సున్నాలు పోలేదు.
ఎండ ఏటవాలుగా పడితే
ముప్ఫై రెండింటి వరస లోపల్నుంచి తేలుతుంది.

మంగళవారం మళ్లీ వచ్చింది బసీలియా.
ఎన్ని, అన్నాను.
రెండు, అంది.
హాలు బయట, ఎండలో వేసుకున్నారు.

అద్దె తీసుకున్నాను, రెండు కుర్చీలకీ, చిల్లరతో సహా.
మొహమాటపడితే
మళ్లీ డబ్బాయే ఇస్తుంది.