పన్నెండో నెంబరు సీసా

వ్యాసర్పాడిలో మా సందుకి పేరు లేదు,
నెంబరుంది: తొమ్మిదో అడ్డవీధి.
ఆ ఏడు ఆడి నెల గాలి మొదలైనప్పట్నించీ
కొళాయి తిప్పితే ముందు వాసన వచ్చేది,
తరవాత నీళ్ళు.

ఎవరి బిందె వాళ్ళు మూతేసి దాచుకున్నాం.
కామెర్లొస్తే ఎవరి బిడ్డని వాళ్ళు
చంకనేసుకుని పసరు పోయించుకొచ్చాం.
ఫోన్ చేస్తే ఆఫీసువాళ్ళు
ఎవరి కంప్లయింటు నెంబరు వాళ్ళకిచ్చారు.
నాది పదకొండంకెలది,
చీరలకి ఫాల్ కుడుతూ కంఠతా పట్టాను.
"మీ ఒక్క ఇంట్లోనేనమ్మా, ట్యాంకు కడుక్కోండి"
అన్నాడొక అబ్బాయి, తమిళంలో, మర్యాదగానే.
నిజమేననుకుని
మూడు ఆదివారాలు ట్యాంకు కడిగాను.

పెంచలమ్మ చేతిలోది కార్పొరేషన్ చీపురు.
తెల్లారేలోగా నాలుగు వీధులూడ్చి వచ్చే మనిషి.
ఒకరోజు ఇంటింటికీ వచ్చి
ఖాళీ కూల్‌డ్రింకు సీసా చేతిలో పెట్టింది.
"రేపు నాలుగున్నరకి మొదటి ధార పట్టు.
మూత బిగించు. ఇంటి నెంబరెయ్యి."
"ఎందుకత్తా?"
"నాకూ తెలీదు. చూద్దాం."

చర్చి ప్రహరీ మీద ముప్పై ఒక్క సీసాలు.
ఒకటో నెంబరు, సెల్వరాణిది, అద్దంలా.
ఐదు, ఆరు, లేత కొబ్బరినీళ్ళు.
తొమ్మిది దగ్గర గంజి.
పద్నాలుగు, పదిహేను, టీ.
ఇరవై దాటాక మళ్ళీ తేటపడుతూ...
ఎండ వాటి వెనక నించి లేచింది.
ఎవరికి వాళ్ళం ఇంట్లో దాచుకున్న సిగ్గు
గోడెక్కి నిలబడి
వేలు పెట్టి చూపిస్తోంది
ఎక్కడ తవ్వాలో.

ఇక్కడితో ఆగితే బాగుండేది.
దైవసగాయం సీసాలు చూడలేదు, నేల చూశాడు.
ముప్పయ్యేళ్ళు పైపులు బిగించిన చేతులు.
"పగిలినంత మాత్రాన మురుగు లోపలికి రాదు.
ఎవరో పీలుస్తుంటే వస్తుంది.
మోటార్లు ఎందరికున్నాయి?"

సీసాలకన్నా మా మొహాలు
ఎక్కువ రంగులు మారాయి.
మా మోటారు మంచం కిందుండేది.
పాత దుప్పటి కప్పి, చప్పుడు బయటికి పోకుండా
టీవీ గట్టిగా పెట్టేదాన్ని.
జైనబ్బీ కూతురు ఆస్పత్రిలో ఉన్న వారం కూడా
పెట్టాను.

ఆ సాయంత్రం మూడు భాషల్లో తిట్టుకున్నాం.
నువ్వు తియ్, నేను తీస్తా. ముందు నువ్వు.
మునిరత్నం కుర్చీ తన్ని వెళ్ళిపోయాడు.
పెంచలమ్మ ఎవర్నీ సముదాయించలేదు.
మోటారు కొనలేని ఇళ్ళెన్నో
బొగ్గుముక్కతో గోడ మీద
గీతలు పెడుతూ కూర్చుంది.

నేనే ముందని చెప్తే అబద్ధం.
నాలుగోదాన్ని.
దుప్పటితో సహా మోసుకొచ్చి గోడ కింద పెట్టాను.
రాత్రి పదయ్యేసరికి పదకొండు మోటార్లు
వల దులిపిన పీతల్లా పడున్నాయి.
పొద్దున్నే లెక్కపెడితే
పన్నెండు.
ఎవరిదని ఎవరూ అడగలేదు.

ముప్పై ఒక్క సీసాలూ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాం.
"ఏ కోవెల తీర్థమమ్మా?" అన్నాడు కండక్టరు.
ఆఫీసు బల్ల మీద వరస తప్పకుండా పేర్చాం.
ఇంజనీరు నెంబర్లు చదువుకుంటూ వచ్చి
పదిహేను దగ్గర ఆగిపోయాడు.
మేం నోరు తెరవనక్కర్లేకపోయింది.
అయినా తవ్వడానికి పద్దెనిమిది రోజులు పట్టింది,
ఇంకో రెండు బస్సు టిక్కెట్లు కూడా.

ఇప్పుడు నీళ్ళు సన్నగా వస్తాయి,
అందరికీ సన్నగానే.
బిందెల వరస దగ్గర మాటామాటా అనుకోవడం మానలేదు.
మునిరత్నం ఇంకా నాతో మాట్లాడడు.
నెలకోసారి మాత్రం గోడ మీదికి సీసాలొస్తాయి.

నాదొక పరీక్షుంది.
పన్నెండో నెంబరు సీసా వెనక
ఫాల్ కుట్టే సూది పట్టుకుంటాను.
బెజ్జం కనపడాలి.
కనపడని రోజున
ట్యాంకు కడగను,
పదకొండో నెంబరు తలుపు తడతాను.