ఆరు మీటర్ల దగ్గర

నాలుగువందల ఎనభై పౌండ్లు.
రసీదు ఇంకా కోటు జేబులోనే ఉంది,
తడిసి, అంకెలు కాస్త ఉబ్బి.

లెస్టర్ దాటాక, రాళ్ళు తవ్వుకుపోగా మిగిలిన గోతిలో
యాభై ఏళ్ళ వాన నిలబడి చెరువైంది.
చేపలు తక్కువ. అడుగున ఎవరో ముంచిపెట్టిన పాత బస్సు,
దాని కిటికీల్లోంచి ప్రయాణికుల్లా నాచు.
మార్చి నెల. నీళ్ళు ఏడు డిగ్రీలు.
జడ చుట్టి హుడ్డులోకి కూరి
గుడ్డ కట్టిన ఊరగాయ జాడీలాంటి తలతో
దిగాను.

అంతా చేశాను.
పరీక్ష రాస్తే నూటికి తొంభైనాలుగు.
నోట్లోంచి రెగ్యులేటర్ వదిలేసి, వెతికి, మళ్ళీ పట్టుకున్నాను.
గాలి అయిపోయిందని మెడ మీద చెయ్యి అడ్డంగా ఆడించాను.
ఒక్కటే మిగిలింది:
మాస్కు తీసి, కళ్ళు మూసుకుని, పది లెక్కపెట్టి
మళ్ళీ పెట్టుకుని, ముక్కుతో ఊది నీళ్ళు తోడెయ్యాలి.

నాలుగు దాకా లెక్కపెట్టాను.
ఐదు
ఏ భాషలోనూ గుర్తుకు రాలేదు.

ముక్కులోకి చలి దబ్బనంలా దిగింది.
కాళ్ళు నన్నడక్కుండానే పైకి తన్నుకున్నాయి.
మోయిరా నా భుజం పట్టీ పట్టుకుంది, వదల్లేదు.
పచ్చటి మసకలో ఒక నల్లటి ఆకారం
నాతోపాటే నింపాదిగా పైకి వచ్చింది,
లిఫ్టులో ఆఫీసుకి వెళ్తున్నట్టు.
మూడు ఆదివారాలు. మూడుసార్లూ ఇంతే.

గట్టు మీద ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది.
"మరి కార్డు?" అన్నాను, పళ్ళు టకటకలాడుతుంటే.
"ఇవ్వను" అంది, పంచదార కలుపుతూ.

నాతో దిగిన కాలమ్‌కి పందొమ్మిదేళ్ళు.
మాస్కు తీసి నీళ్ళలో నవ్వాడు కూడా.
వాడికి సంతకం అయిపోయింది.
వాడు కట్టిందీ నాలుగువందల ఎనభయ్యే.

నాకు ఒళ్ళు మండింది. లెక్క చెప్పాను:
కట్టిన డబ్బు, పెట్టిన పెట్రోలు, ఆసుపత్రి ల్యాబ్‌లో
ఆదివారం డ్యూటీలు మార్పించుకోడానికి
బతిమాలిన ముగ్గురి పేర్లు.
చెబుతున్నకొద్దీ ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది.
కాకినాడలో రవాణా ఆఫీసు ముందు
ఏజెంటు సూర్రావుతో మా చిన్నత్త బేరమాడిన గొంతు అది.

నేల మీద ఎనిమిది అంకె తిప్పకుండానే
నా లైసెన్సు కవర్లో ఇంటికొచ్చింది,
స్కూటరు కన్నా వారం ముందు.
శ్రావణంలో, వంతెన దిగేచోట
బ్రేకు ఏ చేతిదో తేల్చుకునే లోపల
కొబ్బరిబోండాల బండి అడ్డొచ్చింది.
అలాగే అంటాం కదా, అడ్డొచ్చిందని.
అతని మోకాలికి పదకొండు కుట్లు.
వాటికీ డబ్బు కట్టేశాం.
పేరు అడగలేదు.

ఇదంతా మోయిరాకి చెప్పలేదు.
ఆమె తన మానాన సిలిండరు కడుగుతూ అంది:
"కార్డు మీద నీ పేరే ఉంటుంది, చదివేది మాత్రం నువ్వు కాదు.
ఎప్పుడో, ఏ ఎర్రసముద్రంలోనో, పడవలో
ఒకడు నీ ఎదురుగా కూర్చుంటాడు.
నీ కార్డు చూసి, నీ మీద నమ్మకంతో
నీతో ముప్పై అడుగులు దిగుతాడు.
వాడు నాకు పైసా ఇవ్వలేదు."

"అయితే ఆ మాట బయట బోర్డు మీద రాయొచ్చుగా" అన్నాను,
"కార్డు వస్తే వస్తుంది, రాకపోతే లేదని."
"రాస్తే ఎవరొస్తారు?" అని నవ్వేసింది.
ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చలేదు.
ఫీజు తీసుకునే రోజు
అంత సన్నటి అక్షరాల్లో ఎందుకు రాశారో
ఆమెనింకా అడగాలి.

ఇవాళ బుధవారం. రాత్రి గిన్నెలు తోమేశాక
సింకు నిండా చన్నీళ్ళు పట్టి, ఐసు ముక్కలు వేసి
ముఖం ముంచుతున్నాను.
నాలుగు.
ఐదు, బుడగలా.
ఆరు.
ఏడు దగ్గర ఎందుకో ప్రతిసారీ
రోడ్డు మీద దొర్లిపోతున్న బోండాలు కనిపిస్తాయి,
వాటి వెనకాల కుంటుతూ ఒక మనిషి.
తల పైకెత్తేస్తాను.

పదికి ఇంకా మూడు.
ఆదివారానికి నాలుగు రోజులు.