అచ్చుతప్పు

నల్లకుంట గల్లీలో డీటీపీ షాపు.
పేజీకి ఇరవై రూపాయలు.
ఈసారి వచ్చింది చేతిరాత నోటుబుక్కు,
అంచులన్నీ చెదలు తిన్నది.
రాసింది నాంచారి. పెండ్లికూతురి వెంట
పట్టుచీరెలు, పాడిబర్రెలతో పాటు
గడీకి పంపిన ఆడబాప.

దొరబిడ్డకు పంతులు చదువు చెప్తుంటే
విసనకర్ర ఊపుకుంట నేర్చిందట.
రాత్రి పొయ్యి బూడిదలో 'అ' దిద్ది
తెల్లారకముందే
ఆ బూడిదతోనే గిన్నెలు తోమేదట.

నలభై పేజీల దాకా
తనను తాను 'అది' అనే రాసుకుంది.
అది నీళ్లు తోడింది.
అది దెబ్బలు తిన్నది.
అది ఎవరో నాకు మొదట సమజు కాలేదు.

నలభై ఒకటో పేజీలో
రాసి, కొట్టేసి, మళ్లీ రాసి,
'నెను'.

వామన్‌రావు సార్ ప్రూఫు మీద ఎర్రసున్నా చుట్టి
దీర్ఘం పెట్టమన్నడు.
కరెంటు పోయింది. ఇన్వర్టర్ కీచుమంటున్నది.
పైనుంచి ఓనరు,
"ఏమే, టీ తేవే" అన్నడు.

మిగతావన్నీ దిద్దిన సార్.
ఆ ఒక్కటి అట్లనే ఉంచిన.
మీరే దిద్దుకుంటే దిద్దుకోండి,
నాకు చెయ్యి రాలేదు.

టీకి కూడా
వేరెవరినన్నా పంపండి.