దుఆర

హాజరుపట్టీలో దాని పేరు వసంతి.
ఇంట్లో బసంతి.
"వ పలకదేటే నీకు" అని గవరయ్య మాస్టారు
కింది పెదవికి పళ్లు ఆనించి చూపించేవారు.
అదీ అలాగే ఆనించేది,
ఆనించి ఆనించి
మళ్లీ బ అనేసేది.
మేం నవ్వీవోళ్లం.

వాళ్లమ్మ జీడిపిక్కలు కొట్టేది.
జీడికి నల్లబడ్డ ఆ వేళ్లతోనే
పలకమీద ఒడియా దిద్దించి పంపేది,
అక్షరం అక్షరానికీ నెత్తిన ఓ గొడుగు.
మాస్టారు తడిగుడ్డతో గొడుగులన్నీ తుడిచేసి
ఏ ఫర్ యాపిల్ రాసేవారు.
కవిటి సంతలో యాపిలెప్పుడు చూశాం గనక.

దాహమేస్తే దానికి పెద్ద పని.
పాణి అని గొంతులో ఉంటుంది.
నీళ్లు అని నాలుక చివరకొస్తుంది.
మే ఐ డ్రింక్ వాటర్ సర్ అని
గోడమీద నీలిరంగుతో రాసుంటుంది.
మూడూ దాటి లేచేసరికి
క్యాను ఒంపి పట్టుకున్నా గ్లాసు నిండేది కాదు.

ఆ వానాకాలం టెక్కలి నుంచి ఆఫీసరొచ్చాడు.
గొడుగు మూలనెట్టి, చేత్తో చూపించి
"వాట్ ఈజ్ దిస్?"
డి డబుల్ ఓ ఆర్ అని రోజూ అరిచే నలభైమందిమి
తలుపుకేసి చూస్తూ నిలబడిపోయాం.
పుస్తకంలో తలుపుకి ఎర్రరంగు, ఇత్తడి గుబ్బ.
ఇదేమో చెదపట్టి, గొళ్లెం ఊడి, తాడుతో కట్టుంది.

మూడో బెంచీలో నా పక్కన
"దుఆర" అంది బసంతి,
జవాబు కాదు, తనలో తాను.
ఆఫీసరు చెవికి అది డోర్ అయింది.
"వెరీ గుడ్!"
మాస్టారు ఊపిరి వదిలారు. చప్పట్లు కొట్టాం.
అదొక్కతే తప్పు చేసినట్టు
లంగా అంచు పిసుకుతూ కూచుంది.

ఇంటర్వెల్లో అడిగింది నన్ను:
"ఆల్ల ఊర్లో కూడా దుఆరే అంటారేటి?"
ఏ ఊర్లోనే?
"ఇంగ్లీసు ఊర్లో."
తెలీదన్నాను.
సాయంత్రం బెల్లు దాకా పుస్తకం తిరగేసింది,
తప్పిపోయిన చుట్టాల్ని వెతుక్కుంటున్నట్టు.
ముక్కు బొమ్మ దగ్గర ఆగింది.
నాక. నోస్.
"దూరప్పుసుట్టం" అని నవ్వింది.
ఆరోజు దానికి దొరికింది ఆ రెండే.

మర్నాడు హాజరు.
వసంతి అన్నారు మాస్టారు.
ప్రెజెంట్ సార్ అంది.
నేను పక్కనుండి, ఎవరికీ వినపడకుండా,
బసంతి, అని చూశాను.
పెదాలు రెండూ మూసి
తెరవాలి.