పేర్లు చదివే పని

పేర్లు చదవడమే నా ఉద్యోగం.
బిస్మార్క్‌లో, ఆ పొడుగాటి రాతి మేడలో,
రెండేళ్లకోసారి, జనవరి నుంచి మంచు కరిగేదాకా
తొంభై నాలుగు పేర్లు, రోజూ, ఒకే వరుసలో.
క్రోగ్‌స్టాడ్. క్వామీ. లిండ్విగ్.

ఆర్డిస్ క్వామీ మొదటిసారి వచ్చిన రోజు
బయట సున్నాకి ముప్పై రెండు కింద.
ఆమె పాత పికప్ మూతిలోంచి
ఇంజను వెచ్చబెట్టే తీగ నాలుకలా వేలాడుతోంది.
పదిహేడు ఓట్లతో గెలిచిందట.
ఆ పదిహేడుగురూ ఎవరెవరో తనకు తెలుసనీ,
అందులో పదకొండు మందిని
స్కూలు బస్సులో తానే ఇళ్ల దగ్గర దింపేదాన్ననీ
కోటు విప్పకుండానే చెప్పింది.

మొదటి బిల్లు అరపేజీ.
కౌంటీ రోడ్డు తొమ్మిది, పద్నాలుగు మైళ్లు,
మంచు తోసే బండి రాత్రిపూట కూడా తిరగాలి. అంతే.
కమిటీలోనే పోయింది.
మళ్లీ తెచ్చింది. మళ్లీ పోయింది.
మూడోసారి ఛైర్మన్ కళ్లజోడు తుడుచుకుంటూ
"ఆ దారిన రాత్రిపూట పోయేవాళ్లు ఎంతమందమ్మా?" అన్నాడు.
"నొప్పులొస్తే ఇద్దరు.
బండి సమయానికి వస్తే, తిరిగొచ్చేటప్పుడు ముగ్గురు" అంది.
గదంతా గొల్లుమంది.
నవ్వులు రికార్డులోకి ఎక్కవు.
బిల్లూ ఎక్కలేదు.

ఆమె సొరుగులో పిప్పరమెంట్లు ఉండేవి.
బడ్జెట్ రాత్రుల్లో వరుస వరుసంతా
పార్టీ చూడకుండా చేతులు చాచేవాళ్లు.

ఒక్కసారే ఆమె జవాబు ఆలస్యమైంది.
చమురు బావుల ఉప్పునీళ్లు వాగుల పక్కన గోతుల్లో పోయడానికి
అనుమతి ఇవ్వాలా వద్దా అన్న రోజు.
ఆమె జిల్లాలో ఆ డబ్బుతో కొత్త ఆసుపత్రి లేస్తోంది,
మరిది ఆర్విల్ ట్యాంకర్లు నడుపుతున్నాడు.
క్వామీ, అన్నాను.
గోడ మీద గడియారం ముల్లు నాలుగుసార్లు కదిలింది.
క్వామీ, అన్నాను మళ్లీ. అలా రెండోసారి పిలవకూడదు.
"కాదు" అంది, గొంతు పట్టేసినట్టు.
తొంభై నాలుగులో పదకొండు కాదులు.
ఆ ఏడు చర్చి విందులో ఆమె కూర్చున్న బల్లకి
ఎవరూ బంగాళాదుంపల గిన్నె కూడా జరపలేదట.
అది ఆమె చెప్పింది కాదు,
లిండ్విగ్ చెప్పాడు, కాఫీ కలుపుకుంటూ.

ఆరోసారి రోడ్డు తొమ్మిది గట్టెక్కింది.
రవాణా బిల్లు, రెండువందల పేజీలు,
నూట ముప్పై ఒకటో పేజీలో రెండు వాక్యాలు,
పైన వేరొకాయన పేరు.
నా బల్ల దగ్గరే నిలబడి
వేలు తడిచేసుకుని పేజీ తిప్పి, చదివి, మూసింది.
"పేరెవరిదైతేనేం, పార మంచు తోస్తే చాలు" అంది.
అయినా ఆ మధ్యాహ్నం పిప్పరమెంట్లు ఎవరికీ ఇవ్వలేదు.

చివరి సమావేశాల నాటికి ఎడమ చెవి పోయింది.
కుడి చెవి నా వైపు ఉండేలా కుర్చీ జరుపుకునేది.
ఆమె పేరు వచ్చేటప్పుడు నేను గడ్డం కాస్త ఎత్తేవాణ్ని.
ఈ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

రెండువందల నాలుగు ఓట్లతో ఓడిపోయింది, సొంత పార్టీలోనే.
గెలిచిన కుర్రాడు ఒకప్పుడు ఆమె బస్సులో మూడో సీటు.
వాడి పేరు ఫెటిగ్, వరుసలో చాలా ముందే వచ్చేస్తుంది.
మంచివాడే. చప్పున జవాబిస్తాడు.

క్రోగ్‌స్టాడ్, అంటాను.
గడ్డం దానంతటదే లేస్తుంది.
లిండ్విగ్ నా వైపు చూస్తాడు, తొందర పెట్టడు.

నిరుడు మార్చిలో మంచు తుపాను.
చెల్లెలింటికి పోతూ ఆ రోడ్డే పట్టాల్సి వచ్చింది.
రాత్రి రెండు దాటింది.
ముందు పసుపు దీపం తిప్పుకుంటూ మంచు తోసే బండి,
అద్దంలో నడిపేవాడి తల, ఇరవై ఏళ్లుంటాయేమో,
ఏదో పాటకి ఊగుతోంది.
కొంతదూరం పోయాక పక్కకి జరిగి చెయ్యూపాడు, పొమ్మని.
చోటుంది.
పద్నాలుగు మైళ్లూ వాడి వెనకే పోయాను.