లోపలి కుట్టు

ముప్పై రెండేండ్లుగా జాకెట్లు కుడతాండా.
ప్రొద్దుటూర్లో బంగారు అంగళ్ల ఎనక సందులో
మధ్యాన్నానికి గానీ ఎండ రాని కాడ నా మిషను.
ఇంతవరకు ఒక్క జాకెట్టూ నాతో మాట్లాడలే.

ప్రణతి పాప తెచ్చె ఆ దారం.
పట్టు కాదు, జరీ కాదు,
వేలికి చల్లగా తగిలే సన్నతీగ.
"దస్తగిరమ్మత్తా, దీంట్లో కరెంటు పోతాది,
రొంత పైలంగా కుట్టు" అనె.
కరెంటు పోవడం మనకు కొత్తా పాపా, అంటి.
నవ్వి నవ్వి సూదుల డబ్బా ఒంపేసింది.

నాలుగు సూదులు ఇరిగినాయి.
మిషనుకు లొంగదని చేత్తోనే కుట్టినా.
ఎడమ రొమ్ము కింద రూపాయి బిళ్లంత గుడ్డ,
ఆడినుంచి భుజం దాకా చీమలబారు మాదిరి దారం,
భుజం మీద ఆవగింజలంత దీపాలు, నలభై ఒకటి.
గుండె ఎట్ల కొట్టుకుంటే అట్ల వెలుగుతాయంట.
నిమ్మళంగా ఉంటే నీలం,
అదిరితే ఎరుపు.
ఉతకచ్చునా, అని అడిగితే
పాప మొగం చిన్నబోయింది.
ఆ సంగతి ఇంకా ఆలోచన చేయలేదంట.
కొలతలు ఎవురివి పెట్టల్ల, అంటి.
"ఎవురివైతేనేం, నీవే పెట్టు."

కడపలో ప్రదర్శన.
కాలేజీ హాలు, గాజు బల్లలు, పేర్లు రాసిన అట్టలు.
బొమ్మకు తొడిగినారు.
బొమ్మకు గుండె యాడిది?
అంగడి కట్టేసినాక దించిన షట్టరు మాదిరి
నల్లగా నిలబడింది జాకెట్టు.
వచ్చినోళ్లు ఒక చూపు చూసి
బజ్జీలు పెట్టిన దిక్కు పోతాండ్రి.
పాప మొగం చూడలేక నేనే అంటి,
నా కొలతే గదా, ఇట్లియ్యి.

తొడుక్కుంటి.
ఒకటి. రెండు. నలభై ఒకటి.

మా నాయన దూది ఏకేటోడు.
వింటినారి మీద గూటం పడితే ఇల్లంతా మోత,
ధుమ్మని, మళ్లా ధుమ్మని,
నిద్రలో గూడా ఇంటాంటిమి.
పరుపుల ఫ్యాక్టరీలొచ్చి ఆ మోత ఎప్పుడో నిలిచిపాయె.
భుజం దిక్కు తిరిగి చూస్తే
అదే లెక్క, అదే ఎడం,
సద్దు మాత్రం లేదు.

జనం మూగినారు.
చూసేది నన్నో జాకెట్టునో తెలీలే.
ఒక పిల్లోడు ఫోను ఎత్తి పట్టుకోని,
ఏమన్నా అడుగుదాం, రంగు మారతాదేమో, అనె.
ఏ ఊరు మీది? నీలం.
పిల్లోళ్లు ఎంతమంది? ఇద్దరు. నీలమే.
పెద్దోడేం చేస్తాడు?

నేను నోరు తెరవలే.
భుజం తెరిచింది.
మెడ కాన్నుంచి మోచేతి దాకా ఎర్రగా,
హాలంతా చూసేటట్టు.

చప్పట్లు కొట్టినారు.

ప్రణతి కొట్టలే.
ఉరికొచ్చి మీట కోసం ఎతికింది,
పెట్టింది తనే, అయినా చేతికి దొరకలే.
నేనే పైట లాగి కప్పుకుంటి.
కొంగు కింద ఎరుపు శానాసేపు కనపడతానే ఉండె,
బూడిద కప్పిన నిప్పు మాదిరి.

బస్సు ఎర్రగుంట్ల దాటినాక అడిగింది,
"ఏం మార్చాలత్తా?"
ఎలుగు తగ్గించాల్నా, రంగు మార్చాల్నా అని
పుస్తకం తీసి పెన్సిలు నోట్లో పెట్టుకుంది.

పాపా, నాకు కరెంటు తెలీదు. కుట్టు తెలుసు.
ఏ గుడ్డకైనా లోపల ఇంకో మొగం ఉంటాది,
ముళ్లు, అతుకులు, ఊడదీసి మళ్లా కుట్టిన గుర్తులు.
మేం లైనింగు ఏసేది దానికోసరమే.
నువ్వు లోపలిదాన్ని తెచ్చి పైన పెట్టినావు.
తప్పని అనను. బాగుండాది గూడా.
భుజం మీద ఒక మడత పెట్టు,
తెరిచేదీ మూసేదీ తొడుక్కున్నోళ్ల చేతిలో ఉండల్ల.

రాసుకుంది. మడత గీసి, రెండు హుక్కులు గీసె.
మూడు, అంటి.

చాపాడు కాలవ గాలికి పాప నిద్రపోయింది.
సంచిలో మడిచిన జాకెట్టు నా ఒళ్లో ఉండె,
ఎవురూ తొడుక్కోలే, చీకటిగానే ఉండె.
మెల్లగా, దానికి మాత్రం ఇనపడేట్టు,
మా పెద్దోని పేరు చెప్తి.